కరివేపాకు రెమ్మలో ఎన్ని ఆకులు?

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య మీ పిల్లల పేజీలో ఆకు భాగాల బొమ్మ వేశారు. మందార ఆకు, దాని చుట్టూ బాణం గుర్తులు, పత్రదళం, వృంతం, మధ్య ఈనె, పత్రపీఠం అని పేర్లు. బొమ్మ శుభ్రంగా ఉంది, అందులో తప్పేమీ లేదు. అయినా ఈ ఉత్తరం ఎందుకంటే, సరిగ్గా అదే వారం మా మేనకోడలికి ఆకుల పుస్తకం విషయంలో స్కూల్లో ఒకటి జరిగింది, అప్పట్నుంచీ నా మనసులో అదే తిరుగుతోంది, ఇలాంటిది చాలా ఇళ్లలో జరుగుతూనే ఉంటుందనిపించి మీకు రాస్తున్నాను. కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

మాది కడియం దగ్గర చిన్న నర్సరీ. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. మా దగ్గరున్న మొక్కల్లో చాలావాటికి పువ్వుండదు, కాయుండదు, కవర్లో జానెడు మొక్క, దానికి నాలుగు ఆకులు, అంతే. ఆ నాలుగు ఆకులు చూసి అది నిమ్మా నారింజా, మామిడయితే ఏ రకం అన్నది చెప్పాలి. మనం తప్పు చెబితే కొనుక్కెళ్లిన రైతుకి కాపు వచ్చిన రోజున గానీ తెలియదు, అప్పటికి ఆయనకి నాలుగైదేళ్లు పోయినట్టే. అందుకని ఆకు విషయంలో మాకు పట్టింపు ఎక్కువ.

మేనకోడలు ఏడో తరగతి. స్కూల్లో ఆకుల ప్రాజెక్టు ఇచ్చారు. ఇరవై రకాల ఆకులు కోసి, పాత పేపర్ల మధ్య పెట్టి ఆరబెట్టి, పుస్తకంలో అంటించి, పక్కన వివరాలు రాయాలి. సెలవులకి మా ఇంటికొచ్చినప్పుడు అన్నీ ఇక్కడే పోగుచేసుకుంది. కరివేపాకు రెమ్మ అంటించి పక్కన "ఇది ఒక ఆకు. దీనికి 15 పత్రకాలు" అని రాసింది. అది నేను చెప్పిందే. పత్రకం అంటే పూర్తి ఆకు కాదు, ఒకే ఆకులో విడిగా కనబడే చిన్న ముక్క. టీచరు దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి "15 ఆకులు" అని దిద్దారు. రెండు పేజీల తర్వాత నేల ఉసిరి ఉంది. అది పిల్ల సొంతంగా ఏరుకున్నది, చూడ్డానికి కరివేపాకులాగే ఉంది కదా అని అక్కడ కూడా "ఒక ఆకు, 24 పత్రకాలు" అని రాసేసింది. దానికి టిక్కు పడింది. అంటే రైటు రాసిన చోట మార్కు పోయింది, తప్పు రాసిన చోట వచ్చింది. పిల్ల పుస్తకం తీసుకొచ్చి నా ముందు పెట్టి, "మామయ్యా, రెండూ ఒకేలా ఉన్నాయిగా, ఒకదానికి ఇంటూ, ఇంకోదానికి టిక్కూ ఎలా పెట్టారు?" అని అడిగింది.

టీచరు మీద కంప్లయింటుగా దీన్ని రాయడం లేదు. అన్నేసి పుస్తకాలు దిద్దాలి, సిలబస్ టెన్షన్ ఒకటి, పైగా వాళ్లకి కూడా చిన్నప్పుడు బొమ్మ చూపించి చెప్పినవాళ్లే తప్ప ఆకు చేతిలో పెట్టి చెప్పినవాళ్లు ఉండి ఉండరు. నా బాధంతా అక్కడే. ఆకు అంటే ఏమిటో, ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో ఎలా తేల్చుకోవాలో మనం పిల్లలకి చెప్పడం లేదు. పేర్లు మాత్రం బట్టీ పట్టిస్తున్నాం.

దీనికి ఒక కొండగుర్తు ఉంది. ఆకు చంకలో మొగ్గ ఉంటుంది. ఆకు తొడిమ కాండాన్ని అంటుకున్న చోట పైవైపు చిన్న సందు ఉంటుంది కదా, అదే ఆకు చంక. పుస్తకాల్లో గ్రీవం అంటారు, అక్కడుండే మొగ్గని గ్రీవపు మొగ్గ అంటారు. మేం దాన్ని కన్ను అంటాం. గులాబీ అంటు కట్టేవాళ్లు చాకుతో జాగ్రత్తగా గీసి తీసేది ఆ కన్నునే. కొమ్మ వచ్చినా పువ్వొచ్చినా అక్కడి నుంచే. కన్ను ఎక్కడుందో చూస్తే ఆకు మొదలు ఎక్కడో తెలిసిపోతుంది, ఇంక వాదన అక్కర్లేదు.

ఆ సాయంత్రం పిల్లని కరివేపాకు మొక్క దగ్గర కూర్చోబెట్టాను. రెమ్మ కాండాన్ని అంటుకున్న చోట చూడమన్నాను. అక్కడ తొడిమ కాస్త ఉబ్బి ఉంటుంది, దాని పైన చంకలో ఆవగింజలో సగం కూడా లేని పచ్చటి మొగ్గ, వేలి గోరుతో తాకితే గరుగ్గా తగులుతుంది. దొరికింది. ఇప్పుడు రెమ్మ మీదున్న ఒక్కో చిన్న ఆకు మొదట్లో చూడమన్నాను. ఒకటి, రెండు, మూడు, పదిహేనూ చూసింది. ఎక్కడా ఏమీ లేదు. రెమ్మ కొసన కూడా చిగురు మొగ్గ లేదు, ఒక పత్రకంతో ఆగిపోయింది. అది కొమ్మే అయితే కొసన చిగురు ఉండేది, ఇంకా పెరుగుతూ ఉండేది. కాబట్టి రెమ్మ మొత్తం కలిపి ఒకటే ఆకు.

నేల ఉసిరి కోసం వెతుక్కోనక్కర్లేదు, మా కుండీల్లో కలుపుగా మొలిచేది అదే. ఒక మొక్క పీకి తిరగేసి చేతిలో పెట్టాను. ఆ సన్నటి పుల్ల పొడుగునా అడుగు వైపు ఆకుపచ్చ కాయలు వరసగా, పూసలు గుచ్చినట్టు వేలాడుతున్నాయి, ఒక్కో చిట్టి ఆకు మొదట్లో ఒక్కోటి. కాయ ఎక్కణ్నుంచి వస్తుంది? పువ్వులోంచి. పువ్వు? మొగ్గలోంచి. మొగ్గ? పిల్ల నేను అడిగేలోపే "ఆకు చంకలోంచి!" అంది. అంటే ఆ చిట్టి ఆకులు ఒక్కొక్కటీ పూర్తి ఆకే, వాటిని మోస్తున్నది కొమ్మ. పెద్ద ఉసిరి కూడా ఈ జాతిదే. దువ్వెన పళ్లలా ఉండే దాని రెమ్మ ఎండాక మొత్తం ఆకు రాలినట్టే రాలిపోతుంది గానీ అది నిజానికి కొమ్మే. ఈ జాతి శాస్త్రీయ నామం ఫిల్లాంథస్, గ్రీకులో ఆకు, పువ్వు అనే రెండు మాటలు కలిపి పెట్టింది. ఆకు మీద పువ్వు పూసినట్టు కనబడుతుందని ఆ పేరు. పేరు పెట్టినవాళ్లు కూడా మొదట మా పిల్ల ఆగిన చోటే ఆగి చూసి ఉంటారు.

ఇక పిల్ల ఆగలేదు. మునగ? అంది. మునగాకు దూసే ఆడవాళ్లందరికీ తెలుసు, పొడుగాటి రెమ్మ, దానికి పిల్ల రెమ్మలు, వాటికి మళ్లీ పిల్ల రెమ్మలు, వాటికి గుండ్రటి చిట్టి ఆకులు. కన్ను కోసం వెతికితే పెద్ద రెమ్మ మొదట్లో తప్ప ఎక్కడా లేదు. ఆ మూరెడు రెమ్మ అంతా ఒకటే ఆకు. ఇలా ఒకే ఆకు పత్రకాలుగా విడిపోతే సంయుక్త పత్రం అంటారు. వేప, చింత కూడా సంయుక్త పత్రాలే. ఆముదం ఆకు చూడ్డానికి వేళ్లు చాచిన చెయ్యిలా చీలి ఉంటుంది గానీ చీలికలు నడిమి దాకా పోవు కాబట్టి అది సరళ పత్రం, అంటే ఒంటి ఆకు. బూరుగలో చీలిక పూర్తిగా తొడిమ దాకా పోయి ఐదో ఏడో పత్రకాలు విడివిడిగా నిలబడతాయి. అది హస్తాకార సంయుక్త పత్రం. ఈ మాట పరీక్షలో రాసే పిల్లల్లో ఎంతమంది బూరుగ ఆకుని వేళ్లతో తడిమి చూసి ఉంటారు?

కోనసీమ రైతుకి ఈ పాఠం ఎవరూ చెప్పక్కర్లేదు. కొబ్బరి మట్ట ఒకటే ఆకు, దానికి రెండు వందల పైచిలుకు పత్రకాలు. మనం ఇల్లూడ్చే పుల్లల చీపురు ఆ పత్రకాల నడిమి ఈనెలే. గెల ఎక్కడ వస్తుంది? మట్ట చంకలో. మట్టకొక గెల. మట్ట రాలాక మాను మీద ఉంగరంలా మచ్చ మిగులుతుంది, మంచి కాపున్న చెట్టుకి ఏడాదికి పన్నెండు దాకా కొత్త మట్టలు వస్తాయి గనుక ఆ మచ్చలు లెక్కపెట్టి చెట్టు వయసు ఉజ్జాయింపుగా చెప్పొచ్చు. గ్రీవపు మొగ్గ అనే మాట ఒక్కసారి కూడా వినకపోయినా ఆ రైతుకి విషయం మొత్తం తెలుసు. మన భాషలో మట్ట, రెమ్మ, తొడిమ, ఈనె, కణుపు, డొప్ప అని ఇన్ని మాటలుండగా, పాఠంలో ఒక్కటీ కనబడదు. శాస్త్రం మాటలు వద్దని నేననను, పై చదువులకి అవి కావాలి, కానీ వృంతం అని రాసిన పక్కనే తొడిమ అని రాస్తే పోయేదేముంది? ఏడాకుల పాల అనే చెట్టు పేరే చూడండి. కణుపు దగ్గర ఆకులన్నీ గొడుగు ఊచల్లా చుట్టూ వస్తాయి, తరచుగా ఏడు, ఒక్కోసారి అటూ ఇటూగా. చక్రీయ పత్రవిన్యాసం అని పుస్తకం చెప్పేదాన్ని మనవాళ్లు చెట్టు పేరులోనే పెట్టేశారు. గన్నేరుకి కణుపుకి మూడు, జిల్లేడుకి ఎదురెదురుగా రెండు, మందారకి ఒక్కొక్కటే.

డొప్ప అన్నాను కదా, అరటి సంగతి కూడా చెప్పాలి. అరటి చెట్టుకి మాను అనుకునేదంతా ఆకుల అడుగు భాగమే, ఒకదాని మీద ఒకటి చుట్టుకుని గట్టిపడ్డ డొప్పలు. కార్తీకమాసంలో గోదావరిలో దీపం పెట్టి వదులుతామే, ఆ డొప్ప ఆకులో భాగమే. ఉల్లిపాయ పొరలు కూడా అంతే, ఆకుల మొదళ్లు లావెక్కి తిండి దాచుకున్నవి. అరటాకులో ఈనెలు నడిమి నుంచి అంచుకి వరసగా, ఒకదాని పక్కన ఒకటి పోతాయి, వాటిని అడ్డంగా గట్టిగా పట్టి ఉంచేదేమీ లేదు, అందుకే గాలికి చీలికలైపోతుంది. రావి ఆకు అలా కాదు, ఈనెలు వలలా అల్లుకుని ఉంటాయి. దాన్ని కొన్ని వారాలు నీళ్లలో నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో కండ తీసేస్తే మిగిలే జల్లెడ ఎంత అందంగా ఉంటుందో. జాలాకారం, సమాంతరం అనే రెండు మాటలూ ఆ రెండు ఆకులు పక్కపక్కన పెడితే చాలు, జన్మలో మర్చిపోరు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది నిమ్మ ఆకు. చూడ్డానికి ఒంటి ఆకు. కానీ తొడిమా ఆకూ కలిసే చోట సన్నటి గీత, కీలులాంటి అతుకు ఉంటుంది, కొంచెం వంచితే అక్కడే విరుగుతుంది. మామూలు ఒంటి ఆకుకి అక్కడ అతుకు ఉండదు. నిమ్మది సంయుక్త పత్రమే, ఒక్క పత్రకమే మిగిలింది. నారింజలో తొడిమకి రెండు పక్కలా రెక్కలుంటాయి, పంపరపనసలో ఆ రెక్కలు ఎంత వెడల్పంటే ఆకు మీద ఇంకో ఆకు అతికించినట్టుంటుంది. మాకు నారు మడిలో గుర్తు అదే. మారేడుకి మూడు పత్రకాలు, వెలగకి ఐదో ఏడో, కరివేపాకుకి పదిహేను పైన కూడా. ఇవన్నీ ఒకే కుటుంబం. నమ్మకం కలగకపోతే ఏ ఆకునైనా వెలుగుకి ఎదురుగా పట్టుకుని చూడండి, సూదితో పొడిచినట్టు చిన్న చిన్న చుక్కలు కనబడతాయి. అవి నూనె తిత్తులు. నలిపితే వచ్చే వాసన వాటిదే. వంటింట్లో పోపులో వేసే కరివేపాకూ, శివుడి మీద పెట్టే మారేడు దళమూ చుట్టాలని ఒక పిల్ల తన కళ్లతో తేల్చుకోగలదు, పైసా ఖర్చు లేదు.

వేషం మార్చినవి కూడా ఉన్నాయి. బ్రహ్మజెముడుకి ఆకుల్లా కనబడే అట్టలు కాండం, ముళ్లే ఆకులు. కాగితం పూలలో రంగు రేకులన్నీ ఆకులే, అసలు పువ్వు మధ్యలో తెల్లగా సన్నగా ఉంటుంది. ఆస్ట్రేలియా తుమ్మ విత్తనాలు పోసినప్పుడు మొదటి ఆకులు మన తుమ్మలాగే ఈకల్లా వస్తాయి, తర్వాత వచ్చేవాటికి తొడిమ కొద్దిగా చదునవుతుంది, ఆ పైవాటికి ఇంకా వెడల్పు, చివరికి పత్రకాలు పూర్తిగా పోయి తొడిమ ఒక్కటే కొడవలిలా మిగిలి ఆకు పని చేస్తుంది. ఈ వరస అంతా ఒక్క జానెడు మొక్క మీద కింది నుంచి పైకి కనబడుతుంది. పిల్ల దాని ముందు అరగంట కూర్చుంది.

లోపలి నిర్మాణం మైక్రోస్కోపు లేకుండా ఎలా చూపిస్తాం అంటారు. కొంతవరకు చూపించొచ్చు. ఆకు పైన ముదురు రంగు, అడుగున లేత రంగు ఉంటుంది ఎందుకు? పైన స్తంభ కణాలు పొడుగ్గా, దగ్గర దగ్గరగా నిలబడి పత్రహరితంతో నిండి ఉంటాయి, అడుగున స్పంజి కణాల మధ్య గాలి ఖాళీలు ఎక్కువ. చాలా చెట్లకి గాలి పోయే పత్రరంధ్రాలు కూడా అడుగునే ఎక్కువ, మామిడికి దాదాపు అన్నీ అడుగునే. అప్పుడే కోసిన మామిడాకుని వేడి నీళ్లలో ముంచి చూడండి, లోపలి గాలి వేడికి వ్యాకోచించి అడుగు వైపు నుంచి చిన్న బుడగలుగా బయటికొస్తుంది, పై వైపు నున్నగానే ఉంటుంది. నీళ్ల దగ్గర మాత్రం పెద్దవాళ్లు ఉండాలి. నీటి మీద తేలే కలువ ఆకుకి రంధ్రాలు పైన ఉంటాయి, అడుగున నీళ్లే కదా మరి.

మా పనంతా ఈ రంధ్రాల చుట్టూనే తిరుగుతుంది. కొమ్మ ముక్కలు నాటేటప్పుడు ఉన్న ఆకుల్ని సగానికి కత్తిరిస్తాం. చూసినవాళ్లు అయ్యో ఎందుకలా కోస్తున్నారు అంటారు. ఆ ముక్కకి ఇంకా వేర్లు లేవు, ఆకులు మాత్రం నీటిని ఆవిరి చేస్తూనే ఉంటాయి, పూర్తి ఆకు ఉంచితే రెండ్రోజుల్లో వాడిపోతుంది, మొత్తం తీసేస్తే వేరు పట్టడానికి తిండి తయారుచేసేది ఉండదు. అందుకని సగం. ఇంకోటి, మా దగ్గర షేడ్ నెట్ కింద నిగనిగలాడిన మొక్కని కొనుక్కెళ్లి డాబా మీద ఎర్రటి ఎండలో పెట్టి, వారానికే ఆకులు మాడాయి, మొక్క మంచిది కాదు అని ఫోన్ చేసేవాళ్లు ఎంతమందో. నీడలో పెరిగిన ఆకు వెడల్పుగా, పల్చగా ఉంటుంది, స్తంభ కణాల వరస దానికి పల్చన. ఎండలో పుట్టిన ఆకు చిన్నదిగా, మందంగా ఉంటుంది. పాత ఆకు ఎండకి మారలేదు, కొత్త చిగురే ఎండకి తగ్గట్టు వస్తుంది. పది పదిహేను రోజులు కొంచెం కొంచెంగా ఎండ చూపిస్తే ఆ మొక్క బతుకుతుంది. స్కూల్లో ఆకు పాఠం ఆకుతో చెప్పి ఉంటే ఈ ఫోన్లలో సగం వచ్చేవి కావు, ఎన్నో మొక్కలు డాబాల మీద ఎండిపోయేవి కావు.

వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రాలు పేరుపేరునా చదివి వేస్తాం. అందులో గరిక ఉంది, సమాంతర ఈనెలు. మారేడు ఉంది, మూడు పత్రకాలు. వావిలి ఉంది, హస్తాకారం. జమ్మి ఉంది, ఈకలాంటి చిట్టి పత్రకాలు. రావి, జిల్లేడు, ఉత్తరేణి ఉన్నాయి. ఏడాదికోసారి ప్రతి ఇంట్లోకి ఇంత మంచి పాఠం నడిచొస్తుంటే, బజార్లో పత్రి పేరుతో అమ్మే ఏదో ఒక ఆకుల కట్ట తెచ్చి పళ్లెంలో పోసుకుంటున్నాం. నాకిది నిజంగా బాధగా ఉంటుంది.

మిమ్మల్ని అడిగేది ఒకటే. పిల్లల పేజీలో వారానికి ఒక ఆకు వేయండి. గీసిన బొమ్మ వద్దు, ఫోటో వేయండి, పైవైపు ఒకటి, అడుగు వైపు ఒకటి. మన ఊళ్లలో పిలిచే పేరు, పుస్తకం పేరు రెండూ పక్కపక్కన రాయండి. "ఈ ఆకు మీ ఇంటి దగ్గర వెతకండి, కన్ను ఎక్కడుందో చూసి రాయండి" అని పిల్లల్ని అడగండి, వచ్చిన ఉత్తరాలు వేయండి. చవితి ముందు నెలంతా పత్రి ఆకులే వేయొచ్చు. మన్యం నుంచి ఒక పిల్లాడు విస్తళ్లు కుట్టే అడ్డాకు గురించి రాస్తాడు, భద్రాచలం వైపు నుంచి ఇంకొకరు తునికాకు గురించి రాస్తారు, వాళ్లకి తెలిసినంత నాకు కూడా తెలియదు. ఫోటోలకి మొక్కలు కావాలంటే మా నర్సరీకి ఎప్పుడైనా రండి, డబ్బులేమీ అక్కర్లేదు.

మా మేనకోడలు ఆ రెండు పేజీలూ మళ్లీ చేసింది. నేల ఉసిరిని ఈసారి తిరగేసి, కాయలు పైకి కనబడేలా అంటించింది. కరివేపాకుని రెమ్మ వరకే కోయకుండా వేలెడు కాండం ముక్కతో సహా కోసి, కన్ను దగ్గర ఎర్ర స్కెచ్ పెన్నుతో చిన్న సున్నా చుట్టింది. మీరు వేసే మొదటి ఆకు కరివేపాకే అయితే, దయచేసి మీరు కూడా అలా కాండంతో కలిపే ఫోటో తీయించండి.

ఇట్లు,
ఒక నర్సరీ రైతు,
కడియం మండలం, తూర్పు గోదావరి జిల్లా.